సీసపు బాతు

1974 నవంబరు 4, సోమవారం

ఈరోజు నుంచి నాది సీసం బల్ల, కిటికీ గాజుముక్కల్ని సీసపు పట్టీలతో కూర్చే చోటు. ఇన్నేళ్ళుగా చర్చి కిటికీల గాజు మీద సాధువుల గడ్డాలు, దేవదూతల రెక్కలు దిద్దుతూ వచ్చాను. పొద్దున సెవెరిన్ మేస్త్రీ వచ్చి, "ఒతీలియా, కుంచె కడిగి పెట్టేసి ఇటు రా అమ్మా" అన్నారు. అంతే. పైమెట్టు ఎక్కించేటప్పుడు కూడా ఆయనకు మాటలు ఖర్చు పెట్టడం ఇష్టం ఉండదు.

ఎందుకు పిలిచారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోతోంది. కాఫీ కప్పు ఎత్తాలంటే ఎడమచేత్తో కింద నుంచి ఆనించుకోవాలి. జీవితమంతా సీసంతో గడిపిన చెయ్యి అది. ఆయన కాఫీ తాగుతున్నంతసేపూ మేమంతా కిటికీలోంచి బయటికి చూస్తాం.

బల్ల దగ్గర నిలబెట్టి నియమాలు చెప్పారు. "నోట్లో ఏదీ పెట్టుకోకు. బల్ల దగ్గర తిండీ తిప్పలూ వద్దు. గోళ్ళు కత్తిరించుకో. ఇంటికెళ్ళే ముందు మోచేతుల దాకా కడుక్కో. ఈ ఆప్రాన్, ఈ చెప్పులు ఇక్కడే ఉండాలి. ఈ ముక్కల డబ్బాలోంచి గోరంత సీసం కూడా గుమ్మం దాటకూడదు." చివరిదాన్ని బట్టి మనిషి ఎంత పిసినారో తెలిసిపోయింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన లుత్సియన్ చెంచా కింద పెట్టేశాడు.

"ఆ ముసలాయన చెయ్యి చూశావుగా. నీకు బుద్ధుందా?"

"నువ్వు ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడితే నేనేమైనా అన్నానా?"

"నాకేమైనా అయితే నువ్వున్నావు. నీకేమైనా అయితే కింగా గతేం కాను?"

"నీకు వంటమనిషి పోతుందన్న బెంగ, అంతేగా" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చివరికి ఒక మాట తీసుకున్నాడు. ఇంట్లో ఎవరికి ఒంట్లో తేడా చేసినా నేను బల్ల వదిలేసి కుంచె దగ్గరికి వెళ్ళిపోవాలి. సరేనన్నాను. మా నాలుగేళ్ళ పాప కింగా భోజనాల బల్ల కిందనుంచి, "సరే" అని తనూ ఒక మాట ఇచ్చింది.

నవంబరు 7

సీసపు పట్టీ మెత్తగా, వంకరగా వస్తుంది. ముందు సాగదీయాలి. ఒక కొన గోడకున్న బిగింపులో పెట్టి, రెండో కొన పట్టకారుతో పట్టుకుని వెనక్కి గట్టిగా లాగితే ఒక్క కుదుపుతో నిటారు అవుతుంది. ఎక్కువ లాగితే తెగుతుంది. తెగింది. వెల్లకిలా పడ్డాను.

"దాని మాట నువ్వు వినాలి. అది 'చాలు' అంటుంది" అన్నారు మేస్త్రీ గారు.

"నాకేం వినబడలేదండీ."

"వినబడలేదు కాబట్టే కింద కూర్చున్నావు."

సాయంత్రానికి నాకూ ఆ 'చాలు' తెలిసింది. చెవికి కాదు, మోచేతికి తెలుస్తుంది.

నవంబరు 12

ఈస్టరుకు ముందు ఇవ్వాల్సిన కిటికీ ఇది. మేరీ పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గాడిద మీద ఈజిప్టుకు పారిపోతుంటుంది. పాత సీసమంతా పుచ్చిపోయింది. దాన్ని ఊడదీసి, అవే గాజుముక్కల్ని కొత్త పట్టీలలో కూర్చాలి. పట్టీకి రెండువైపులా గాడి ఉంటుంది. అటు ఒక గాజు, ఇటు ఒక గాజు. కూర్చింది కదలకుండా చుట్టూ గుర్రపునాడా మేకులు దిగ్గొట్టాలి.

రెండు చేతులూ పనిలో ఉండి, మేకు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పళ్ళ మధ్య పెట్టుకున్నాను. కుట్టుపనిలో అమ్మ గుండుసూదులు పెట్టుకునేది, ఆ అలవాటు. మేస్త్రీ గారు అరవలేదు. వాలిన ఆ చేతిని తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు. మేకు ఉమ్మేసి, నోరు ఎన్నిసార్లు పుక్కిలించానో.

చేతులు ముందుకు చాచి, అరచేతులు కిందికి పెట్టి, వేళ్ళు పైకెత్తాలట. మణికట్టు వాలితే సీసం లోపలికి దిగినట్టు. ఇకమీదట రోజూ చూసుకుంటాను.

నవంబరు 13

చేతులు చాచాను. నిలబడ్డాయి.

నవంబరు 14

నిలబడ్డాయి.

నవంబరు 21

విరిగిపోయి పనికిరాని గాజుముక్కలు నాలుగు ఇమ్మని అడిగితే మేస్త్రీ గారు అంచులు తనే అరగదీసి ఇచ్చారు. గాజు పట్టుకెళ్ళొచ్చట, సీసమే పట్టుకెళ్ళకూడదట. కింగా వాటిని దీపానికి అడ్డం పెట్టి పేర్లు పెట్టింది. ఎరుపు 'చెర్రీ రసం'. పసుపు 'టీ నీళ్ళు'. ఆకుపచ్చ 'ఊరదోసకాయ'. నీలం చూసి ఆలోచించి ఆలోచించి, 'నాయనమ్మ తలగుడ్డ' అంది. మా అత్తయ్య పొంగిపోయి దానికి రెండు చక్కెర బిళ్ళలు ఇచ్చింది.

ఇలాంటి పిల్ల ఇంకెవరికైనా ఉందా? రాసుకుంటే దిష్టి తగలదు కదా.

నవంబరు 29, శుక్రవారం

అంద్జేయ్ సాధువు పండుగ ముందు సాయంత్రం. కరిగించిన మైనాన్ని తాళంచెవి రంధ్రంలోంచి నీళ్ళలో పోసి, గడ్డకట్టిన ముద్ద నీడను బట్టి జోస్యం చెప్పుకునే రాత్రి. ఎదురింటి బ్రోన్కా మైనపు ముద్ద, పెద్ద తాళంచెవి పట్టుకుని వచ్చింది. "ఈ ఏడాదైనా నీళ్ళలో మొగుడి ముక్కు తేలుతుందేమో చూద్దాం" అని నవ్వింది.

అత్తయ్య పెదవి విరిచింది. "మైనమేమిటే, మైనం? మా అమ్మమ్మ వాళ్ళు సీసం పోసేవాళ్ళు. మైనం అబద్ధం చెబుతుంది, సీసం చెప్పదు."

నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. లోపలికెళ్ళి కోటు జేబులోంచి తీసుకొచ్చాను. పాత కిటికీలోంచి ఊడదీసిన పట్టీ, బెత్తెడు. డబ్బాలోంచి తీశానని రాసుకోవడానికి సిగ్గేమీ లేదు. బెత్తెడు ముక్కకు కొంప మునగదు. ఇనపగరిటెలో పెట్టి పొయ్యి మీద పట్టుకుంటే కాసేపు మొండికేసి, ఒక్కసారిగా పాదరసంలా మెరిసింది. కింగాను దూరంగా నిలబెట్టాను. పొగ తగలకూడదని కిటికీ కూడా తీశాను, చలిగాలి రాకుండా అత్తయ్య సందులకు అంటించిన కాగితాలు చించి మరీ. నేను జాగ్రత్త లేని మనిషినని ఎవరూ అనలేరు.

తాళంచెవి రంధ్రంలోంచి నీళ్ళలోకి పోస్తే బుస్సుమంది. బ్రోన్కాకు వచ్చింది చూస్తే ముక్కూ లేదు, మొగుడూ లేదు, బంగాళాదుంప. కింగా వంతు వచ్చింది. గోడ మీద దాని నీడ పడగానే అందరం ఒక్కసారే "బాతు!" అన్నాం. మెడ, ముక్కు, పైకి లేచిన తోక, అన్నీ ఉన్నాయి.

"బాతంటే నీళ్ళు దాటడం. ఈ పిల్ల చాలా దూరం పోతుంది చూడండి" అంది బ్రోన్కా.

తన బంగాళాదుంపను బ్రోన్కా పట్టుకెళ్ళిపోయింది. కింగా బాతును ఎవరికీ ఇవ్వనంది.

డిసెంబరు 2

చేతులు నిలబడ్డాయి. బాతు మంచం మీద పడుకుంటోంది. మాకు దుప్పటి చాలట్లేదు.

డిసెంబరు 6

నికొలస్ సాధువు పండుగ. పిల్లలకు కానుకలు తెచ్చే ఆ తాత రాత్రి బూట్లలో అల్లం బిస్కెట్లు పెట్టి వెళ్ళాడు. కింగా తనకో ముక్క, బాతుకో ముక్క పంచింది. బాతు తినదు కాబట్టి దాని ముక్కుకు రాసి, రాసింది తనే నాకేసి, "తినేసింది" అని మాకు చూపించింది. లుత్సియన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

డిసెంబరు 14

మొదటిసారి టంకం వేశాను. పట్టీలు కలిసిన ప్రతి చోటా కొవ్వొత్తి మైనం రుద్ది, తగరం కరిగించి ఒక్క చుక్క వదలాలి. ఎక్కువసేపు ఆనిస్తే టంకంతోపాటు పట్టీ కూడా కరిగి మాయమవుతుంది. మూడు చోట్ల మాయం చేశాను. నాలుగోది గుండ్రంగా, నున్నగా, బటానీగింజలా కూర్చుంది. మేస్త్రీ గారు బొటనవేలితో తడిమి, "ఊఁ" అన్నారు. ఆయన "ఊఁ" అనడం ఇదే మొదటిసారి. ఇంటిదాకా ట్రాములో నవ్వుకుంటూ వచ్చాను.

మాకు ఇచ్చే సీసా పాలు నేను తాగకుండా రోజూ ఇంటికే తెస్తున్నాను. సీసం పనివాళ్ళకు పాలు విరుగుడని ఇస్తారు. నాకంటే కింగాకు మంచివి. ఈమధ్య ముఖం పాలిపోయినట్టుంది. చలికాలం కదా.

డిసెంబరు 24

క్రిస్మస్ ముందురాత్రి విందుకు కూర్చున్నాం. అనుకోని అతిథి కోసం వేసే ఖాళీ పళ్ళెంలో కింగా బాతును కూర్చోబెట్టింది. అత్తయ్య వద్దంది, లుత్సియన్ ఉండనీ అన్నాడు. పిల్ల బీట్‌రూట్ చారు ముట్టలేదు, చేప ముట్టలేదు. కడుపు నొప్పి అంది.

"నులిపురుగులు" అంది అత్తయ్య.

లుత్సియన్ నా వైపు చూశాడు. నేనిచ్చిన మాట, పైకి అనకపోయినా వినబడింది.

"పొద్దుట్నుంచీ గసాల కేకు దొంగతనంగా తింది, ఇంకేం నొప్పి రాదు?" అన్నాను. నిజానికి తిందో లేదో నేను చూడలేదు.

జనవరి 3

బాతు తోక పోయింది. ఎక్కడ పారేసిందో. అడిగితే, "ఈదడానికి వెళ్ళింది" అంటుంది. తోక లేకుండా బాతు ఎలా ఈదుతుందే అంటే, తోకే వెళ్ళిందట.

చేతులు నిలబడ్డాయి.

జనవరి 10

అద్దంలో చిగుళ్ళు చూసుకున్నాను. సీసం ఎక్కితే పళ్ళ మొదట్లో నీలపు గీత వస్తుందట. నాకు లేదు. కిటికీ వెలుతురులో మళ్ళీ చూసుకున్నాను. లేదు. అత్తయ్య చూసి, "ఈ వయసులో సోకులేమిటే" అంది.

నాకు భయంగా ఉంది. దేనికి భయమో రాస్తే అది నిజమవుతుందని రాయడం లేదు.

జనవరి 17

కింగాకు విరేచనం కావడం లేదు. అత్తయ్య ఎండు రేగుపళ్ళు ఉడకబెట్టి ఆ నీళ్ళు పట్టింది. పిల్ల కప్పు విసిరికొట్టింది. ఇంతకు ముందెప్పుడూ విసరలేదు. మొండితనం వచ్చే వయసు.

లుత్సియన్‌కు చెప్పొద్దని అత్తయ్యను బతిమాలాను. "చెబితే ఏమవుతుంది?" అంది. ఏమవుతుందో ఆమెకు తెలియదు. గాడిద పూర్తయింది, మేరీ పూర్తయింది, ఇంకా పిల్లాడు, ఆకాశం మిగిలాయి. ఆ పిల్లాడి ముఖాన్ని నా పట్టీల్లోనే కూర్చాలని ఉంది.

ఒకవేళ నా జుట్టుకు అంటుకుని ధూళి ఇంటికి వస్తోందేమో. రేపటి నుంచి జుట్టుకు గుడ్డ కట్టుకుంటాను. ఇంటికొచ్చాక తలస్నానం చేసేదాకా పిల్లను ముట్టుకోను.

జనవరి 19

ముట్టుకోలేదు. గుమ్మం దగ్గర చేతులు చాచి నిలబడింది. "స్నానం చేసొస్తా తల్లీ" అన్నాను. బాతును ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. నేను కాదంటే దానికి అదే దిక్కు.

జనవరి 25

దీపం దగ్గర ఎర్ర గాజు ఎత్తి చూపించాను. ఇదేంటి?

చూసింది.

ఇదేంటి కింగా?

"గాజు" అంది.

మిగతావి చూపించలేదు. పిల్లకు ఆట విసుగొచ్చింది, అంతే.

జనవరి 26

విసుగొచ్చి ఉంటుంది.

జనవరి 30

పొద్దున నేను చేతులు చాచి చూసుకుంటుంటే పక్కన నిలబడి తనూ చాచింది. వేళ్ళు వణికాయి. నన్ను వెక్కిరించడానికి వణికించింది. మంచి నటి అవుతుంది.

ఫిబ్రవరి 4

పూర్తయిన భాగాలకు లప్పం పట్టించే పని. గాజుకీ సీసానికీ మధ్య సందుల్లోకి బ్రష్షుతో కూరి, పైన సుద్దపొడి చల్లి తుడవాలి. మేస్త్రీ గారు నా పక్కన నిలబడి చూస్తున్నారు. ఉన్నట్టుండి అడిగారు.

"ఇంట్లో అందరూ కులాసాయేనా?"

"ఆఁ, కులాసాయేనండీ."

"పాప?"

"ఆడుకుంటోందండీ."

"ఈమధ్య నీ చెయ్యి తొందరపడుతోంది" అన్నారు. "సీసం పిరికిచేతిని కనిపెడుతుంది. ఏదైనా ఉంటే చెప్పమ్మా."

నోటి దాకా వచ్చింది. చెబితే ఆయనే నన్ను బల్ల దగ్గర్నుంచి పంపేస్తారు. మింగేశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

పొద్దున్నే వాంతి. మంచం దిగి నాలుగడుగులు వేసి పడిపోయింది. లేపి నిలబెడితే మళ్ళీ పడిపోయింది. లుత్సియన్ రాత్రి షిఫ్టు నుంచి అప్పుడే వచ్చాడు. కోటు కూడా విప్పకుండా పిల్లను ఎత్తుకుని మెట్లు దిగాడు. నేను చెప్పుల్లో వెనక పరిగెత్తాను.

పిల్లల ఆసుపత్రి డాక్టరమ్మ చిన్నది, నాకంటే చిన్నదే. పొట్ట నొక్కింది, కనురెప్పలు చూసింది.

"ఇంట్లో ఎవరైనా సీసం పని చేస్తారా?"

లుత్సియన్ గోడ వైపు తిరిగాడు.

"నేను చేస్తానండీ" అన్నాను. "కానీ చాలా జాగ్రత్తగా ఉంటాను. ఆప్రాన్ అక్కడే విప్పేస్తాను. చెప్పులూ అక్కడే. చేతులు మోచేతుల దాకా కడుక్కుంటాను. తలస్నానం చేసేదాకా దీన్ని ముట్టుకోను కూడా ముట్టుకోనండీ."

"ఇంట్లో సీసం ఏమైనా ఉందా?"

"లేదండీ" అన్నాను. దేవుడి సాక్షిగా, లేదనే అనుకుని అన్నాను.

ఫిబ్రవరి 12

ఎక్స్‌రే ఫిల్మును వెలుగు పెట్టెకు తగిలించి నన్ను పిలిచింది. చలికాలమంతా నేను చేసిందీ అదే, బొమ్మను వెలుతురుకు అడ్డంపెట్టి చూడడం. కిటికీలో గాజు వెలుగుతుంది, సీసం నల్లగీతలా ఉంటుంది. ఇక్కడ నా బిడ్డ అంతా మసకగా, బూడిదరంగులో ఉంది. దాని మోకాళ్ళ దగ్గర ఎముకల చివర్లు సుద్దతో గీసినట్టు తెల్లగా ఉన్నాయి. పొట్టలో తెల్లటి చుక్కలు, పెంకుల్లాంటివి. ఒకటి కొంచెం పెద్దది, కొన తేలి ఉంది.

"ఇది ధూళి కాదమ్మా" అంది డాక్టరమ్మ మెల్లగా. "ఇవి ముక్కలు. పాప సీసం కొరికి మింగింది. ఎక్కడ దొరికింది దానికి?"

ఆ కొన తేలినదాన్ని నేను గుర్తుపట్టాను. గోడ మీద దాని నీడ చూసే అందరం బాతు అన్నాం.

అదే రోజు

ఇంటికి పరిగెత్తుకొచ్చాను. దిండు కింద ఉంది. మెడ లేదు, ముక్కు లేదు, తోక లేదు. నల్లగా నున్నగా చిన్న ముద్ద, చుట్టూ చిన్న చిన్న పంటిగాట్లు. అత్తయ్య చూసి కుర్చీలో కూలబడింది. "సీసం పోయమన్నది నేనేనే" అని తల కొట్టుకుంది. ఆమెను ఓదార్చలేదు. ఆమె అడిగింది, నేను తెచ్చాను.

డబ్బాలోంచి గోరంత కూడా గుమ్మం దాటకూడదు. పిసినారి అని రాశాను. ఇక్కడే రాశాను, ముందు పేజీల్లో ఉంది.

ఫిబ్రవరి 14

నా రక్తం కూడా తీశారు. శుభ్రంగా ఉందట. "మీరు చాలా జాగ్రత్తపరులు" అంది నర్సు. మెచ్చుకుందామనే అంది పాపం.

ఫిబ్రవరి 15

చేతులు చాచలేదు. ఇంకెందుకు?

ఫిబ్రవరి 17

వార్డులోకి తల్లుల్ని రానివ్వరు. ఆదివారం గంటసేపు మాత్రమే. మిగతా రోజుల్లో తలుపుకున్న గాజులోంచి చూడాలి. పొట్ట కడుగుతున్నారు, రోజూ సూదులు గుచ్చుతున్నారు. ఆ మందు ఎముకల్లోంచి సీసాన్ని లాగుతుందట. సూది గుచ్చినప్పుడు దాని నోరు తెరుచుకుంటుంది, అరుపు బయటికి రాదు. బయట మేం అరడజను మంది తల్లులం, నుదుళ్ళు గాజుకు ఆనించి ఉంటాం. గాజు మీద ఆవిరి పడితే ఒకళ్ళకొకళ్ళం తుడుచుకుంటాం.

"బతుకుతుందా?" అని అడిగాను.

"బతుకుతుంది" అంది డాక్టరమ్మ. "మాటలు, నడక, బుర్ర... అవి ఎంతవరకు వెనక్కి వస్తాయో ఇప్పుడే చెప్పలేనమ్మా. చూడాలి."

బాతంటే నీళ్ళు దాటడం, చాలా దూరం పోతుంది అంది బ్రోన్కా. ఆ మాట తలలోంచి పోవడం లేదు.

ఫిబ్రవరి 18

లుత్సియన్ నన్ను తిట్టడం లేదు. తిట్టమని అడిగాను. "తిడితే నీకు తేలికవుతుంది" అన్నాడు. వంటింట్లో బెంచీ మీద పడుకుంటున్నాడు.

ఫిబ్రవరి 22

మేస్త్రీ గారు ఇంటికొచ్చారు. టోపీ ఎడమచేత్తో తీశారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నోటి గురించి చెప్పాను, గోళ్ళ గురించి చెప్పాను" అన్నారు. "ముక్క బయటికి పోకూడదన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. మా గురువు నాకూ చెప్పలేదు. అడగడానికి మాకు భయం, చెప్పడానికి వాళ్ళకు విసుగు."

"మీ తప్పేముందండీ? దొంగిలించింది నేను."

ఆయన కాదనలేదు. అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. కిటికీలో ఒక్క ముఖం మిగిలిపోయిందట, ఒళ్ళో పిల్లాడి ముఖం. తన చేతికి పట్టు చిక్కడం లేదు, నేను వస్తే పూర్తవుతుంది, రాకపోయినా అర్థం చేసుకుంటానన్నారు.

రానన్నాను. ఆ పిల్లాడి ముఖం చుట్టూ సీసం చుట్టడం నావల్ల కాదు.

మార్చి 2, ఆదివారం

గంటసేపు లోపలికి వెళ్ళనిచ్చారు. నన్ను గుర్తుపట్టింది. "అమ్మ" అంది. చిక్కిపోయింది, కానీ ముఖంలోకి కాస్త నెత్తురొచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. నా ఒళ్ళో కూర్చుని బాతు ఏదీ అంది.

"లేదమ్మా. మంచిది కాదని తీసేశాం."

పోయిన ఏడాది వసపిట్ట అనేవాళ్ళం దీన్ని. ఇప్పుడు రెండు మాటలు చెప్పి, మూడోది వెతుక్కుని, దొరక్క వదిలేస్తోంది. వదిలేసినప్పుడు దానికి కోపం కూడా రావడం లేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

మార్చి 5

గాజుముక్కల్ని నీళ్ళలో మరిగించాను, సబ్బుతో తోమాను, మళ్ళీ మరిగించాను. గాజులో ఏమీ ఉండదని మేస్త్రీ గారు కబురు పంపారు. అయినా మరిగించాను. వార్డు తలుపు దగ్గర నిలబడి ఎర్రముక్కను గాజుకు ఆనించి పట్టుకున్నాను. వెనక కారిడార్ కిటికీలోంచి ఎండ పడుతోంది. కింగా మంచం మీద నుంచి చూసింది. ఎర్రటి వెలుగు దాని దుప్పటి మీద పడింది. చూస్తూ ఉండిపోయింది, పెదవులు కదల్లేదు.

మార్చి 6

చూసింది. కదల్లేదు.

మార్చి 7

మబ్బు. ఎండ లేదు.

మార్చి 10

లుత్సియన్ నాతో వచ్చాడు. నేను ఒక్కో ముక్కా పట్టుకుంటుంటే నా పక్కన నిలబడ్డాడు. ఎరుపు. పసుపు. ఆకుపచ్చ. పిల్ల ఏమీ అనలేదు. "ఇంకేం చూపించకు, దాన్ని పరీక్ష పెట్టి చంపకు" అన్నాడు. నీలం జేబులోనే ఉంచేశాను. తిరిగొచ్చేటప్పుడు ట్రాములో నా చెయ్యి పట్టుకున్నాడు, ఇంటిదాకా వదల్లేదు.

మార్చి 13

ఈరోజు ఒక్కదాన్నే వెళ్ళాను. చూపించకూడదనుకుంటూనే వెళ్ళాను. ఎండ బాగా ఉంది. నీలం ముక్క తీసి తలుపు గాజుకు ఆనించాను, ఒక్క నిమిషం, అంతే అనుకుంటూ. కింగా మంచం దిగింది. గోడ పట్టుకుని, తర్వాత గోడ వదిలేసి, నీలపు మరక పడిన చోటికి వచ్చి దాంట్లో నిలబడింది. చేతుల మీద, గౌను మీద పడిన నీలాన్ని చూసుకుంది. తలెత్తి నా వైపు చూసి ఏదో అంది. నాకేమీ వినబడలేదు. మళ్ళీ అంది. పక్కనున్న నర్సు వంగి విని, నవ్వి, తలుపు జానెడు తెరిచింది.

"మీ పాపకు నాయనమ్మ తలగుడ్డ కావాలటమ్మా. రేపు వచ్చేటప్పుడు తెచ్చిపెడతారా?"

తెస్తానని తలూపాను. తలుపు మూసుకున్నాక అక్కడే కారిడార్లో నేల మీద కూర్చుని, చూసేవాళ్ళు చూస్తుండగానే పెద్దగా ఏడ్చాను. ఎవరో తల్లి వచ్చి, "ఏమైంది, పోయిందా?" అని నా భుజం పట్టుకుంది. లేదు, లేదు అన్నాను. మిగతా మూడు ముక్కలూ కోటు జేబులో ఉన్నాయి.